హాఫ్‌లో ఆడే మేనల్లుడు

మల్కాపురం,
12 జూన్ 1973

ఒరే బామ్మర్దీ కొండలరావూ,

ఉత్తరం మొదట్లో "ఇక్కడందరం క్షేమం" అని రాయాలి. రాయలేను. నాను క్షేమం. మీ అప్ప క్షేమంగా లేదు, కోపంగా ఉంది. నీ ఉత్తరం వచ్చీసరికి అది పొయ్యికాడుంది. నానే సదివి వినిపించేను. "ఇక్కడ మేరీ అనే ఆవిడ్ని పెళ్లి చేసుకున్నాను, ఆవిడ భర్త సముద్రంలో పోయేడు, ఒక కొడుకున్నాడు" అన్నకాడికి వచ్చీసరికి అన్నం మాడిన వాసనొచ్చింది. దించలేదు. గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ పూట మాడన్నమే తిన్నాం.

నాకూ కోపమే. జబ్బు చేసి నిన్ను ఆ ఊరి ఆస్పత్రిలో దింపీసి ఓడ వెళిపోయింది, లేచేక వచ్చీస్తావనుకున్నాం. ఐసు ఫేక్టరీలో ఫిట్టరు పని దొరికింది, రెండేళ్లుంటానన్నావు, సరే అన్నాం. పెళ్లయిన ఏడాదికి చెప్తావేటిరా? మీ అమ్మా నాన్నా పోయేక నిన్ను చంకనేసుకు తిరిగింది అది. ఇంక నీకు ఉత్తరం రాయనని ఒట్టేసింది. నాను వెయ్యలేదు కాబట్టి రాస్తన్నాను.

ఇంక అసలు సంగతి. ఆ గుంటడు ఫుట్‌బాల్ ఆడతాడని ఆఖర్న ఒక్క ముక్క రాసి ఒగ్గీసేవు. ఫార్వర్డా, బేకా? ఏ కాలు? తలతో కొడతాడా, తల దాచుకుంటాడా? మన రేవు జట్టులో అన్నేళ్లు సెంటర్ హాఫ్ ఆడినోణ్ని నాను, నాకు అలగేనా రాయడం? పేరు రాబీ అన్నావు. రబీ ఉంటే ఖరీఫ్ కూడా ఉందేటి? మీ అప్ప నవ్వలేదు. నవ్వు ఆపుకుంది, సూసేను.

మాకు పిల్లల్లేరు. ఎలగయితేనేం, మేనల్లుడన్నోడు ఒకడు పుట్టుకొచ్చేడు, ఆడు బంతి తంతాడు. వివరంగా రాయి.

మీ బావ
ఎల్లాజీ


కిన్‌బ్రే, స్కాట్లాండ్,
3 ఆగస్టు 1973

బావకి నమస్కారం. మాట్లాడని అప్పకి రెండు నమస్కారాలు.

ఎందుకు చెప్పలేదంటే, ప్రతి వారం చెబ్దామని కూచునేవాణ్ని, అప్ప మొహం కనిపించేది, కాగితం మడిచీసేవాణ్ని. అంతకంటే కారణం లేదు.

ఈ ఊరు మన సేపల రేవంతే ఉంటుంది, కాపోతే ఎండ లేదు. ఇళ్లు, రేవు, ఐసు ఫేక్టరీ, చర్చి, ఒక ఫుట్‌బాల్ గ్రౌండు, అంతే. గ్రౌండు ఒక పక్క గోడ అవతల సముద్రమే. గట్టిగా తంతే బంతి నీళ్లలో పడుతుంది. దాన్ని తేవడానికి ఒక ముసలాయన చిన్న పడవేసుకుని కూచుంటాడు. నువ్వు నమ్మవు గానీ నిజం.

రాబీకి పదహారేళ్లు. పడవలు కట్టే షెడ్డులో పని నేర్చుకుంటన్నాడు. పొడుగు కాడు, పరుగూ లేదు. ఆడేది నడిమిన, మన హాఫే. బంతి రాకముందే అటూ ఇటూ సూసుకుంటాడు, రోడ్డు దాటే ముసలమ్మలాగ. వచ్చేక మాత్రం ఒకటే తాపు, ఎవడికి వెళ్లాలో ఆడికే వెళ్తుంది.

ఇంట్లో నాతో మాటలు తక్కువ. ఆళ్ల ఇంగ్లీషు గులకరాళ్లు నోట్లో పెట్టుకున్నట్టుంటుంది, నాది ఆడికి అంతకంటే అన్యాయం. తండ్రి కుర్చీలో ఎవడో వచ్చి కూచున్నాడని ఆడికుంటుంది కదా. నీ ఉత్తరం చదువుతుంటే "ఏటది?" అన్నాడు. మా బావ నీది ఏ కాలని అడుగుతున్నాడన్నాను. పక్కన కూచున్నాడు. కూచోవడం అదే మొదలు. "రెండు కాళ్లూ అని రాయి" అన్నాడు. నాను రాస్తుంటే చూసి, "ఎడమది అబద్ధం" అన్నాడు.

మేరీ సేపల పులుసు నేర్చుకుంది. కారం చిటికెడు వేసి, తిని, కిటికీ తీస్తుంది. అప్పకి చెప్పు.

మీ
కొండలరావు


మల్కాపురం,
20 నవంబరు 1975

బామ్మర్దికి,

రాబీని మీ ఊరి క్లబ్బోళ్లు జట్టులోకి తీసుకున్నారన్న కబురుకి మల్కాపురంలో టీలు తాగేరు. తాగించింది నానే. రెండో డివిజనంటే అన్నిటికన్నా అడుగుదని రాసేవు. దానికి సిగ్గెందుకు? అడుగున్నోడికి పడిపోయే భయం లేదు.

మీ అప్ప ఇంకా రాయదు. కానీ నీ ఉత్తరం వస్తే ముందు అదే విప్పుతుంది. ఆ గుంటడు శనివారం మేచీకి ఏటి తిని వెళ్తాడని అడిగింది. గోడతో అడిగినట్టు అడిగింది, నాను విన్నాను. వివరం రాయి.

ఇప్పుడు ఆడికి నా మాటలుగా చెప్పు. హాఫ్ అంటే సగం మనిషనుకుంటారు జనం. గోలు కొట్టినోడి పేరు పేపర్లో వస్తాది, గోలు ఆపినోడి పేరూ వస్తాది, హాఫ్ పేరు ఎక్కడా రాదు. రావాలనుకుంటే ఇప్పుడే మానీమను. ఇంకో మాట. అవతలి జట్టు హాఫ్ ఎవడో ముందే సూసుకుని ఆణ్ని ఒగ్గీకూడదు. ఆడు నీళ్లకెళ్తే నువ్వూ నీళ్లకెళ్లాలి. ఏటయినా సరే ఒగ్గీకు! ఇది అక్షరం పొల్లుపోకుండా చెప్పు.

ఇక్కడ వానలు. రేవులో ఎరువు బస్తాల ఓడ వారం నుంచి అలాగే ఉంది. సరుకు దించే మా వించి మీద కాకి గూడు కట్టింది.

మీ బావ
ఎల్లాజీ


కిన్‌బ్రే,
9 మార్చి 1976

బావా,

నీ మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పేను. అదే కొంప ముంచింది.

"ఒగ్గీకు" అన్నదానికి ఇంగ్లీషులో నాకు తెలిసిన మాట చెప్పేను. "పట్టుకున్నది వదలొద్దు" అని అర్థమైందట ఆడికి. మొన్న శనివారం అవతలి హాఫ్ బంతి తీసుకుని దాటిపోతుంటే మనోడు వెనకనుంచి ఆడి చొక్కా పట్టుకున్నాడు. వదల్లేదు. ఆడు లాగుతున్నాడు, వీడు లాగుతున్నాడు, చొక్కా వీపు మొత్తం చిరిగి చేతికొచ్చీసింది. రిఫరీ బయటకి పంపీసేడు. చొక్కా ముక్క చేతిలో పెట్టుకునే వెళిపోయేడు.

మూడు మేచీలు ఆడకూడదన్నారు. మేరీ నాతో రెండు రోజులు మాట్లాళ్లేదు. రాబీ మాత్రం రాత్రి అన్నం దగ్గర ఒక్కసారిగా నవ్వడం మొదలెట్టి, బల్ల మీద తల పెట్టుకుని నవ్వేడు. నాకూ ఆగలేదు.

ఇంక సలహాలు పంపకు బావా! అక్కడి ఇసక వేరు, ఇక్కడి బురద వేరు.

అప్ప అడిగిందానికి: శనివారం పొద్దున రెండు గుడ్లు, కాల్చిన రొట్టె.

మీ
కొండలరావు


కిన్‌బ్రే,
17 అక్టోబరు 1976

బావా,

మార్చిలో రాసేను, జూన్‌లో రాసేను, ఆగస్టులో రాసేను. దేనికీ జవాబు లేదు. సలహాలు పంపకన్నానని కోపమొచ్చిందా? హాస్యానికన్నాను. నీకు తెల్దా నా సంగతి?

రాబీ రోజూ అడుగుతున్నాడు, మల్కాపురం ఏమంది అని. ఇక్కడ మా జట్టుకి కోచ్ ఉన్నాడు. ఆయన అరుస్తాడు గానీ ఏదీ విడమరిచి చెప్పడు. ఈ కొత్త సీజన్లో రాబీ మొదటి పదకొండులో ఉంటన్నాడు. బంతి రాకముందు ఎడమ పక్కకి తిరగడం మర్చిపోతున్నాడు, అదొక్కటే లోపం. నాను చెప్తే ఐసు ఫిట్టరు చెప్పినట్టుంటుంది. నువ్వు చెప్పాలి.

కోపమైతే తిట్టు. తిట్టయినా రాయి.

కొండలరావు


మల్కాపురం,
28 నవంబరు 1976

కొండలరావుకి అసిరమ్మ రాయడం.

కోపం కాదు. ఏప్రిల్‌లో ఓడ మీద సరుకు దించుతుంటే వించి తాడు తెగి మీ బావ కుడిసెయ్యి నలిగిపోయింది. రెండు వేళ్లు తీసీసేరు, మిగతాయి ముడుసుకోవు. నీకు రాయొద్దన్నాడు. ఎడమసేత్తో నేర్సుకుని తనే రాస్తానన్నాడు. ఇన్ని నెల్లకీ "క" ఒక్కటొచ్చింది, అదీ పీతలాగుంది. ఇప్పుడు పనికెళ్తన్నాడు, గేటుకాడ కూకోబెట్టేరు. బాగానే ఉన్నాడు. ఏడవకు.

పక్కన కూకుని "రాయవే, రాయవే" అని పేణం తీస్తన్నాడు. ఆయన సెప్పింది రాస్తన్నాను. నాది కాదు.

"ఒరే, సొక్కా సినిగిన కబురు ఆస్పత్రిలో సదివించుకున్నాను. నవ్వితే సెయ్యి సలిపింది, అయినా నవ్వేను. రాబీకి సెప్పు. ఎడమ పక్కకి తిరగటం మరిసిపోతే బంతి అటునుంచే అడగమను. ఎడమ పక్కనున్నోణ్ని నోటితో పిలవమను. పిలిసినోడు సూస్తాడు."

ఇక్కడ ఆయన లేసి మంచం సుట్టూ తిరిగి సూపించేడు. అది ఎలగ రాయాలో నాకు తెల్దు.

"ఆడు గోల్ కొట్టేడా ఇప్పటికి?" అంటన్నాడు. పాపం, గోలు కొట్టకపోతే ఏటి, ఊరుకో అన్నాను. ఇద్దరం కాసేపు దెబ్బలాడుకున్నాం. అందుకే ఇక్కడ సిరా మరక.

ఇది నా మాట. రెండు గుడ్లు సాలవు. పరిగెత్తీ పిల్లడు. ఆళ్లమ్మకి సెప్పు.

అసిరమ్మ


కిన్‌బ్రే,
11 ఫిబ్రవరి 1979

అప్పకి, బావకి,

మేరీ పోయింది. గురువారం. ఊపిరితిత్తుల జబ్బు అన్నారు. దసరా నాటికి దగ్గు, సంక్రాంతి దాటీసరికి మంచం. నాను పోయినసారి రాసినప్పుడు తగ్గుతోందనే అనుకున్నాను. అబద్ధం రాయలేదు.

మంచం మీదుండి కూడా అడిగింది, మీ అక్క ఉత్తరం వచ్చిందా అని. నీ అక్షరాలు చూసేది. తెలుగు రాదు కదా, చూసేది అంతే. గుండ్రంగా ఉన్నాయనేది.

శుక్రవారం నుంచీ మంచు. సోమవారం గానీ సమాధి తవ్వలేమన్నారు. మధ్యలో శనివారం మేచీ, గ్రౌండు మీది మంచు ఊడ్చీసి పెట్టేరు. రాబీ ఆడతానన్నాడు. ఊళ్లో కొందరు చెవులు కొరుక్కున్నారు, తల్లి శవం ఇంట్లో ఉండగా ఏటిదని. నాకూ నచ్చలేదు. అడ్డం చెప్పలేదు. గ్రౌండుకెళ్లి రెయిలింగు పక్కన నిలబడ్డాను. మొత్తం ఆట ఎవరితోనూ మాట్లాడకుండా ఆడేడు. ఎప్పుడూ అరిచి పిలిచేవాడు కదా, ఆ వేళ నోరు విప్పలేదు. అయిపోయేక నాకాడికొచ్చి, "ఇంటికి తిన్నగా వెళ్లాలని లేదు" అన్నాడు. ఇద్దరం రేవు చివరిదాకా నడిచేం.

ఇంక రాయలేను.

కొండలరావు


మల్కాపురం,
2 మార్చి 1979

తమ్ముడా,

నీ ఉత్తరం నానే విప్పేను. మీ బావ గేటుకాడికి డూటీకెళ్లేడు. సెంగావి సీర కట్టుకుని గుమ్మంలో కూకుని సదివేను. మళ్లీ సదివేను. గంగాలమ్మ పక్కింటినుంచి వచ్చి ఏటయింది అసిరమ్మా అంటే, మా తమ్ముడి పెళ్లాం పోయిందన్నాను. అలగ ఎవరితోనూ అనలేదు ఇంతకు ముందు. పెళ్లయిన ఇన్నేళ్లకి ఆ మాట నోట్లోంచి వొచ్చింది, మనిషి పోయేక.

మేం ఇక్కడ మూడోనాడు సముద్రం కాడికెళ్లి పువ్వులేసేం. మీ పద్ధతేటో మాకు తెల్దు. నీళ్లు ఒకటే కదా అన్నాడు మీ బావ.

ఊళ్లోవోళ్ల మాటలు నువ్వు సెవిని పెట్టకు. శవం కాడ ఏడిసినోళ్లందరూ దుఃఖం ఉన్నోళ్లు కాదు, ఏడవనోళ్లందరూ లేనోళ్లు కాదు. ఆ పిల్లడికి కాళ్లలో ఉంది ఏడుపు. ఆడనీ.

ఆవిడ ఫొటో ఒకటి పంపు. నువ్వున్నది కాదు, ఆవిడొక్కత్తే ఉన్నది.

వండుకుంటన్నారా? ఎవరు వండతన్నారు?

మీ అప్ప
అసిరమ్మ


కిన్‌బ్రే,
18 మే 1980

అప్పా, బావా,

ఫొటో గోడకి పెట్టేరని రాసేరు, సంతోషం.

ఒక పెద్ద మాట చెప్పాలి. గ్లాస్గో దగ్గర్నుంచి ఒక పెద్ద క్లబ్బువాళ్లు రాబీని అడిగేరు. ఫస్ట్ డివిజన్. ఇలగ పొద్దంతా పడవలు చెక్కి సాయంత్రం ప్రాక్టీసుకి వెళ్లడం కాదు, ఆటే ఉద్యోగం. ఆళ్ల మనిషి మా ఇంటికొచ్చి టీ తాగి మరీ అడిగేడు. మా కిన్‌బ్రే నుంచి ఎవర్నయినా అలగ అడిగి చాలా కాలమయిందట.

రాబీ వెళ్లనన్నాడు.

ఎందుకురా అంటే, "ఇక్కడ బాగానే ఉంది" అంటాడు. వెళ్లు, వెళ్లు అని నెల రోజులుగా పోరుతున్నాను. తలుపేసుకుంటాడు. కారణం నాకు తెలుసు. నాను ఒంటరోణ్ణి అయిపోతానని. తల్లి పోయిన ఇంట్లో నన్నొక్కణ్ణీ ఒగ్గీసి వెళ్లలేక ఆడి బతుకు ఆడు పాడు చేసుకుంటన్నాడు. కన్న తండ్రిని కూడా కాను. నా వల్ల ఆడు ఈ అడుగు డివిజన్‌లో ఉండిపోవాలా?

అందుకని నాను తెగించేను. నాను లేకపోతే ఆడికి అడ్డు లేదు. ఐసు ఫేక్టరీలో చెప్పీసేను, ఆగస్టు దాకానే పని చేస్తానని. మల్కాపురం వచ్చీస్తాను, ఇంక వెనక్కి రాను. రాబీకి ఇంకా చెప్పలేదు. టికెట్టు చేతికొచ్చేక చెప్తాను.

అప్పా, నీకు ఇష్టమే కదా. నాకో మంచం పడీ చోటు చూడు.

మీ
కొండలరావు


మల్కాపురం,
6 జూన్ 1980

తమ్ముడా,

నువ్వు వొచ్చీస్తావన్న ముక్క సదివి మీ బావ వీధిలోకెళ్లి అందరికీ సెప్పీసేడు. మా వీధిలో భీమశంకరరావు మేస్త్రీ అయితే ఇల్లు కూడా సూసీసేడు నీకు, కంచరపాలెంలో రైలు గేటుకాడ. పద్దెనిమిదో ఏట ఓడెక్కినోడు వస్తానంటన్నాడు. నాకెంత ఆశో నీకు సెప్పాలేటి?

అయినా సెప్తన్నాను. రావద్దు.

మీ బావ ఈ మాట రాయొద్దంటన్నాడు. సెయ్యి నాది, రాస్తాను.

నువ్వు సెప్పకుండా మూటా ముల్లే సర్దుకుని వెళిపోతే ఆ పిల్లడికేటి మిగులుతాది? తండ్రి సముద్రంలో పోయేడు, తల్లి మట్టిలో పోయింది, నువ్వు ఓడెక్కి పోయేవు. ఆడు పెద్ద క్లబ్బుకెళ్లి ఏ మొహంతో ఆడతాడు? నన్నొదిలించుకున్నాడు అనుకుంటాడు గానీ, నన్ను బాగుసేసేడు అనుకోడు.

నీకు ఒక రోగం ఉంది. మనిషిని అడగవు. నీలో నువ్వే అనుకుని, నీలో నువ్వే ఏడిసి, నీలో నువ్వే తేల్సీసుకుంటావు. కారణం నాకు తెలుసని రాసేవు. ఆడు సెప్పేడా? అడిగేవా? "ఎల్లు, ఎల్లు" అనడం అడగటం కాదు. కూకోబెట్టి అడుగు. ఆడు ఏటి సెప్తే అది విను. ఆ తరవాత కూడా రావాలనిపిస్తే అప్పుడు రా, గుమ్మంలో నిలబడతాను.

మీ బావ సెప్తన్నాడు, "ఫస్ట్ డివిజనైతే ఎల్లమను, ఎల్లమను" అని. ఆయన మాట ఆయనది.

అసిరమ్మ


కిన్‌బ్రే,
29 జూన్ 1980

అప్పా,

అడిగేను.

ఆదివారం ఇద్దరం వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తన్నాం. నీ ఉత్తరం బల్ల మీద పెట్టి మొత్తం ఆడికి ఇంగ్లీషులో చెప్పీసేను, నాను వెళిపోదామనుకున్న సంగతితో సహా. చాకు కింద పెట్టీసేడు. మొహం ఎర్రగా అయిపోయింది. "ఐసు ఫేక్టరీలో చెప్పీసేవా? నాకు చెప్పకుండా?" అని అరిచేడు. ఆడు నా మీద అరవడం అదే మొదలు. తరవాత బయటకెళ్లి, గోడకాడ నిలబడి, మళ్లీ వచ్చేడు.

"ఆ క్లబ్బు నన్నెందుకు అడిగిందో తెలుసా?" అన్నాడు.

తెలీదన్నాను.

"ఆళ్ల హాఫ్‌కి కాలు విరిగింది. క్రిస్మస్‌కి లేచి ఆడతాడు. ఆడు లేచేక నాను దుప్పటి కప్పుకుని బెంచీ మీద కూచోవాలి. నాకు పరుగు లేదు కొండా. అక్కడ అందరికీ ఉంది. ఇక్కడ శనివారం శనివారం ఆడతాను. నాకు ఆట కావాలి, బెంచీ కాదు."

"మరి నాకు చెప్పొచ్చు కదరా?"

"నువ్వడిగేవేటి? వెళ్లు, వెళ్లు అన్నావు. నన్ను బయటకి పంపడానికి తొందర పడుతున్నావనుకున్నాను. అమ్మ లేదు, ఇంక నీకు ఇక్కడ పనేటని."

అప్పా, నెల రోజులు ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి, నాను ఆణ్ని వెళ్లగొడుతున్నానని ఆడు, నాను ఆణ్ని కట్టీసేనని నాను. దుంపలు పొయ్యి మీద పెట్టడం కూడా మర్చిపోయేం.

నా గురించి కాదా అంటే మాత్రం తిన్నగా చెప్పలేదు. "అది కూడా కొంచెం ఉంది" అన్నాడు. "మేచీ అయ్యేక ఊరంతా బాగా ఆడేవంటారు. నువ్వొక్కడివే ఆ మూడో పాసు ఎందుకలగ ఇచ్చేవంటావు. అక్కడ అదెవడు చెప్తాడు?"

ఫేక్టరీకి వెళ్లి మాట వెనక్కి తీసుకున్నాను. ఫోర్‌మేన్ ఆరోజంతా నవ్వేడు.

బావకి చెప్పు, భీమశంకరరావు మేస్త్రీ చూసిన ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చీమని.

మీ
కొండలరావు


కిన్‌బ్రే,
4 మే 1986

అప్పకి, బావకి,

అయిపోయింది. రాబీ కుడి మోకాలు ఇంక లాభం లేదని డాక్టరు చెప్పీసేడు. మార్చి మొదటి శనివారం ఆడిందే ఆఖరి మేచీ. ఒకటికి సున్నాతో ఓడిపోయేం. వాన. అయినా జనం ఉండిపోయేరు. ఇన్నేళ్లలో ఆడు కొట్టిన గోళ్లు చేతి వేళ్లకి సరిపోతాయి బావా, నీకు చెప్పడానికి సిగ్గేటి. కానీ ఆడు బయటకి నడుస్తుంటే అవతలి జట్టు కుర్రాళ్లు కూడా నిలబడి చప్పట్లు కొట్టేరు.

నా బెంగ వేరే ఉంది. షెడ్డు పని చేస్తన్నాడు, తింటన్నాడు, అదంతా సరే. శనివారం వస్తే ఆడికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీదు. కోటు వేసుకుని గ్రౌండు దాకా వెళ్తాడు, లోపలికి వెళ్లడు, గేటు పక్కన నిలబడి వెనక్కొచ్చీస్తాడు. క్లబ్బులో కోచ్‌కి సాయం ఉండమన్నారు. వద్దన్నాడు. మాట బాగా తగ్గిపోయింది. ఈసారి అడిగేను అప్పా, కూచోబెట్టే అడిగేను. "ఏం లేదు" అంటాడు. నిజంగానే ఆడికీ తెలీదేమో.

ఏటి చెయ్యాలి?

కొండలరావు


మల్కాపురం,
25 మే 1986

తమ్ముడా, మీ బావ సెప్తన్నాడు:

"పంపీ. ఇక్కడికి పంపీ. మన రేవు కుర్రోళ్లు ఒక జట్టుంది, పదకొండు మందీ ఫార్వర్డులే. ఒక్కడూ బంతి ఇంకోడికివ్వడు. గవర్రాజని ఒకడున్నాడు, ఆడయితే సొంత అన్నకి కూడా ఇవ్వడు. నాను గట్టు మీద నిలబడి అరిసి అరిసి గొంతు పోయింది. ఈ ముసిలోడి మాట ఎవడు వింటాడు? స్కాట్లాండునుంచి హాఫ్ వస్తన్నాడని సెప్పీసేను. కాబట్టి రాకపోతే నా పరువు పోతాది. ఎండలు తగ్గేక, దీపావళెళ్లేక పంపు."

నిన్ను రమ్మనటం లేదేటని అనుకోకు. నువ్వు కూడా వస్తే ఆడు నీ పక్కన కూకుంటాడు, నువ్వు మాటాడతావు, ఆడు మాటాడడు. ఆణ్నొక్కణ్నే పంపు.

అసిరమ్మ


మల్కాపురం,
18 జనవరి 1987

తమ్ముడా,

మీ క్లబ్బోళ్లు ఆడికోసం వీడుకోలు మేచీ ఆడించి ఆ డబ్బుల్తో టికెట్టు కొన్నారని సెప్పేవు. ఆళ్లు సల్లగుండాలి.

పిల్లడు డిసెంబరు ఆఖర్న దిగేడు. స్టేషన్‌కి మీ బావ దండ పట్టుకెళ్లేడు. పొడుగాటి తెల్లోడు దిగుతాడని మెడలెత్తి సూస్తన్నారు అందరూ, పొట్టిగా, జుట్టు పల్సబడినోడు ఒకడొచ్చి "ఎల్లాజీ?" అన్నాడు. ఇంత సిన్నగా ఉన్నాడేటే అని మీ బావ నాతో మన బాషలోనే గట్టిగా అన్నాడు. ఆడు నవ్వేడు. అర్థమయిందేటో.

మొదటి రెండు రోజులూ గుమ్మంలో కూకున్నాడు. రోడ్డు సూసేవోడు. నీ బెంగ నాకప్పుడు తెలిసింది. మూడోనాడు మీ బావ సెయ్యి పట్టుకుని గ్రౌండుకి లాక్కుపోయేడు. కుర్రోళ్లందరూ వట్టికాళ్లతో ఉన్నారని ఈడూ బూట్లు విప్పీసేడు. ఇసకలో పది అడుగులేసేడో లేదో, గవర్రాజు బంతి లాక్కుపోయేడు. జనం ఈలలు. మీ బావ తల కొట్టుకున్నాడు. రాబీ పడి పడి నవ్వేడని సెప్పేరు. ఇంటికొచ్చేక అరికాళ్లు ఒరుసుకుపోయి ఉన్నాయి, కొబ్బరినూని రాసేను. రాయించుకున్నాడు.

ఆ మర్నాడు బంతి పక్కన పెట్టీసి, కుర్రోళ్లని నిలబెట్టి, ఒకణ్నొకడు నోటితో పిలవమన్నాడట. పేర్లు పెట్టి అరుసుకోడమే పొద్దుటినుంచి. ఫేక్టరీ సైరన్ కంటే ఎక్కువ. గంగాలమ్మ వొచ్చి దెబ్బలాడింది, పాపని పడుకోబెట్టనీరేటని.

నిన్న శనివారం, మేచీ. మూడు రెండు, ఓడిపోయేరు. మీ బావా ఈడూ మొహాలు మాడ్సుకుని ఇంటికొచ్చేరు. అన్నం పెట్టేను. ఇద్దరూ తినలేదు. రాబీ నా పళ్లెంలోంచి ఉల్లిపాయలు తీసి నేలమీద పేర్సేడు, ఇది గవర్రాజు, ఇది ఇంకోడు. మీ బావ అది కాదని బొటనేలితో ఒక ఉల్లిపాయని అటు జరిపేడు. ఈడు ఇటు జరిపేడు. ఆయన తెలుగులో తిట్టేడు, ఈడు ఆ గులకరాళ్ల బాషలో తిట్టేడు. ఒకడి మాట ఒకడికి రాదు. కంది గింజలు గోలు, నా గరిటె గ్రౌండు గట్టు. గంట దాటిపోయింది. సారు సల్లారిపోయింది. మజ్జిగ పోస్తానంటే ఇద్దరూ ఒకేసారి సెయ్యెత్తి నన్ను ఆగమన్నారు. నా ఇంట్లో నన్ను!

ఉల్లిపాయలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఊడవనీరు. పొద్దున్నే లేసి మళ్లీ వొంగి సూస్తన్నారు ఇద్దరూ.

నువ్వు కంగారు పడకు. మూడుసార్లు అన్నం పెట్టించుకుంటన్నాడు, కారం తింటన్నాడు, కిటికీ తియ్యమనటం లేదు.

మీ అప్ప
అసిరమ్మ